గంటకు దాచిన పిడికెడు బియ్యం

మీ ఇంట్లో పెద్దవాళ్ళ గోళ్ళు చివరిసారి ఎప్పుడు చూశారు? గోడ మీద ఫోటో గురించి అడగడం లేదు. బతికి ఉన్న చేతుల గురించే అడుగుతున్నాను. చెప్పండి, ఎప్పుడు చూశారు?

ఈ ప్రశ్న నాది కాదు. ఇంత చిన్న ప్రశ్నతో మనిషిని కట్టిపడేసే తెలివి నాకెక్కడిది! ఇది మా సిస్టరమ్మది. మొన్న గురువారం పొద్దున నస్పూర్‌లో మొదటి షిఫ్టు సైరన్ కూసి ఆగిన కాసేపటికి ఆమె కన్నుమూసింది. అప్పుడు నేను జమ్మికుంటలో ఉన్నాను. పత్తి యార్డు వెనక రేకుల షెడ్డులో బైబిలు వాక్యం చెబుతున్నాను. ఒక హమాలీ చెప్పులు విడిచి లోపలికి వచ్చి నా చెవిలో ఆ మాట చెప్పాడు. నా ప్రసంగాన్ని మధ్యలో ఆపించిన మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే. ఆ రోజు కూడా ఆమే ఆపింది.

ఏడుపు రాయడానికి కూర్చోలేదు నేను. యుద్ధం గెలిచి వెళ్ళిన మనిషి గురించి ముక్కు చీదుతూ రాస్తే ఆమె ఊరుకోదు. "తమ్మీ, ముందు ముక్కు తుడుసుకో, తర్వాత సంగతి జెప్పు" అంటుంది. సంగతే చెబుతాను.

ఆమె బొగ్గుబాయి దవాఖానలో నర్సు. అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమంతో బళ్ళు మూతపడి బస్సులు సరిగా నడవని రోజుల్లో, కరీంనగర్ నుంచి ఉప్పు లారీ ముందు సీట్లో కూర్చుని గోదావరి దాటి వచ్చి పనిలో చేరిందట. పొట్టి మనిషి. ఆమెతో కలిసి నడవాలంటే పరుగెత్తాలి. భుజాన ఖాకీ సంచీ, దాంట్లో దూది, కొబ్బరినూనె సీసా, ఒక చిన్న కత్తెర. ఎవరింటికి వెళ్ళినా చాయ్ ఇస్తే తీసుకునేది కానీ తాగేది కాదు. కప్పు చేతిలో పట్టుకుని, "ఇంట్ల పెద్దమనిషి తాగిందా? ముందు అవ్వకియ్యి" అనేది. అవ్వ కప్పు కింద పెట్టిన తర్వాతే ఆమె తన కప్పు ఎత్తేది. చల్లారిన చాయ్‌నే జీవితమంతా తాగింది.

నేను బడి మొఖం చూసినవాణ్ణి కాదు. బాయిలో తట్టలు మోస్తూ, దినం ముగిశాక గ్రంథం మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. నేర్చిన అక్షరం ముందు నోట్లోకి పోయింది. గుండెలోకి దిగడానికి చాలా ఏళ్ళు పట్టింది, దానికి సిస్టరమ్మ కావలసి వచ్చింది. బాయి కార్మికుల క్వార్టర్ల వరసలను మేం లైన్లు అంటాం. ఆ లైన్లలో అందరూ నన్ను 'ప్రసంగాలయ్య' అనేవాళ్ళు. దాన్ని పొగడ్త అనుకున్నాను.

మా బొగ్గు ఊళ్ళ పద్ధతి తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా దగ్గర తండ్రి కొడుక్కు ఇచ్చే ఆస్తి నౌకరి. ఇతని ఒళ్ళు పనికి రాదని డాక్టర్లు రాస్తే తండ్రి దిగిపోతాడు, ఆ జాగాలో కొడుకు ఎక్కుతాడు. 'అన్‌ఫిట్' అనిపించుకోవడానికి తండ్రులు పడ్డ పాట్లు నేను చూశాను. మంచిగా నడిచే మనిషి కుంటుతాడు, మంచిగా చూసే మనిషి గోడను తడుముతాడు. కొడుకు మీద ప్రేమ అది. ఆ ప్రేమలో మావాళ్ళు చేసే తప్పు ఒకటే. వేలిముద్ర వేసే ముందు, రేపు నాకు బువ్వ ఎవరు పెడతారని అడగరు. కన్నకొడుకును అట్లా అడగడం సిగ్గు అనుకుంటారు.

నాతోపాటు తట్టలు మోసిన పోశం తాత కూడా అడగలేదు. ఆరు నెలలు లేని దగ్గు దగ్గి దిగిపోయాడు. కొడుకు ఓదెలు నౌకరి ఎక్కాడు. రెండేళ్ళు తిరిగేసరికి తాత మంచం ఇంట్లో నుంచి అరుగు మీదికి వచ్చింది. కంచం పోయి అంచు వంగిన సత్తుగిన్నె వచ్చింది. ఒకరోజు కన్ను వాచి ఉంది. మరొక రోజు చెవి దగ్గర నెత్తురు గడ్డ కట్టి ఉంది. "బాత్‌రూంల జారి పడ్డడు" అన్నాడు ఓదెలు.

నా రక్తం ఉడికింది. మరుసటి ఆదివారం లైన్ల మధ్య మైకు పెట్టించాను. తండ్రి అవమానాన్ని చూసి నవ్విన కొడుక్కు తగిలిన శాపం కథ ఎత్తుకున్నాను. ఓదెలు పేరు పెట్టి పిలిచాను. ఇంటి నెంబరు కూడా చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు. అంత మంచి ప్రసంగం నేను మళ్ళీ చేయలేదు. దేవుడు చేయనివ్వలేదు.

సోమవారం పొద్దున పోశం తాత మణికట్టు విరిగి దవాఖానకు వచ్చాడు. సిస్టరమ్మ కట్టు కట్టి, నన్ను పిలిపించి, ఆయన ఎదుటే నిలబెట్టింది.

"నీ మైకుకు ఏమన్న దెబ్బ తగిలిందా తమ్మీ?"

"లేదు సిస్టరమ్మా."

"నీకు?"

"లేదు."

"మరి ఎవలకు తగిలింది? నువ్వు వైరు సుట్టుకొని మంచిగ ఇంటికి పోతివి. ఈయన మళ్ళ గా ఇంట్లకే పోవాలె గదా!"

 చంకలో ఉన్న గ్రంథాన్ని ఇంకా గట్టిగా అదుముకున్నాను. తాతే నన్ను ఆదుకున్నాడు. "జారిపడ్డ బిడ్డా. ప్రసంగాలయ్య తప్పేం లేదు" అన్నాడు. కొట్టిన కొడుకునూ, కొట్టించిన నన్నూ ఒకే అబద్ధంతో కాపాడాడు ఆ ముసలాయన.

ఆ వారం నుంచి ఆమె నన్ను వెంట తీసుకుపోయింది. "మాట్లాడకు, సంచి మొయ్యి" అని షరతు. ఓదెలు ఇంటి ముందు ఆగి, కత్తెర చూపించి, "బిడ్డా, మీ మామ గోర్లు తీసిపోత" అంది. కోడలు ముఖం తిప్పుకుంది. "తీయుండ్రి, నాకేంది. నాకైతే శాతనైతలేదు" అని లోపలికి పోయింది. అప్పుడు అర్థమైంది నాకు. మాట్లాడాలని వచ్చామంటే ఏ ఇల్లూ మనల్ని ముసలివాళ్ళతో ఒంటరిగా వదలదు. గోళ్ళు తీస్తామంటే ఎవరూ అడ్డు చెప్పరు. సిస్టరమ్మ నేల మీద కూర్చుని, మురికి గోరును కొబ్బరినూనెతో నానబెట్టి, ఒక్కొక్క వేలూ తీసేది. ఏమీ అడిగేది కాదు. "అడిగేముందు కూసో తమ్మీ. కూసున్నంక గూడ అడగకు. చెయ్యి పట్టుకో. చెయ్యే చెప్తది." పది వేళ్ళ పని ఆమె చేతుల్లో గంటసేపు సాగేది.

మూడో వారం బొటనవేలి దగ్గర తాత నోరు విప్పాడు.

"కేసు పెట్టకుండ్రి సిస్టరమ్మా. వాడు జైలుకు పోతే నౌకరి పోతది. ఆరు నెలలు దగ్గి సంపాయించిన నౌకరి అది."

"పెట్ట తాతా. నీకేం గావాలె జెప్పు."

"కంచంల బువ్వ." పక్కనున్న సత్తుగిన్నెను కాలితో అవతలికి నెట్టాడు. "రోజుకొక మాట. పొద్దుగాల 'బాపూ, లేచినవా' అంటే సాలు."

తిరిగి వస్తుంటే దారిలో ఆమె నడక ఇంకా వేగమైంది. ఒక పోశం దగ్గర కూర్చోవడానికి మూడు వారాలు పట్టింది, ఇన్ని లైన్లలో ఇంకెంతమంది ఉన్నారో అంది. "లైనుకు ఇద్దరు కావాలె తమ్మీ. వాళ్ళకు నేర్పాలె. కూలి ఇడిసిపెట్టి నేర్సుకొనొస్తే బువ్వ పెట్టాలె. ముసలోళ్ళు పగటిపూట కూసునే జాగ కావాలె. దెబ్బలు తిన్నోన్ని అదే ఇంటికి పంపకుంట పండబెట్ట ఒక మంచం కావాలె."

"ఇయన్ని ఎక్కడ తెస్తవు సిస్టరమ్మా?"

"గంట బియ్యం ఉన్నయి గదా" అంది.

నా గుండెలో ముల్లు దిగింది. మా క్రైస్తవుల గుడిలో ఆడవాళ్ళకు ఒక ఆచారం ఉంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు, ఆదివారం తెచ్చి దేవునికి ఇస్తారు. గుడికి కంచు గంట కొనాలని నేనే ఊదరగొట్టి నాలుగేళ్ళుగా ఆ పిడికెళ్ళను పోగు చేయిస్తున్నాను. బియ్యం అమ్మిన పైకం ఖాసీం సాబ్ కిరాణా దుకాణంలో జమ అవుతూ ఉంది, కొత్త బస్తాలు గుడి మూలలో ఉన్నాయి. ఆ గంట గోదావరి దాకా వినబడాలని నా కోరిక. దాన్ని దేవుని కోరిక అనుకున్నాను.

ఆదివారం ఆరాధన ముగిసే ముందు, తలుపు దగ్గర ఎప్పుడూ కూర్చునే చోటు నుంచి ఆమె లేచింది. ఆడవాళ్ళ వైపు తిరిగి, ఆ బియ్యం ముసలివాళ్ళ కోసం ఇమ్మని అడిగింది. నాకు కోపం ఆగలేదు.

"అది దేవునికి అర్పితమైన బియ్యం! అర్పితమైన దాన్ని ముట్టొద్దు!" అని బల్ల గుద్దాను.

ఆమె గొంతు పెంచలేదు. "ఆ మాట నువ్వే అన్నవ్ తమ్మీ, అర్పితమని. తల్లిదండ్రులకు ఇయ్యాల్సిన దాన్ని దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకున్నోళ్ళు ఉన్నరు. వాళ్ళను ప్రభువు ఏమన్నడో తీసి సదువు. పేజీ నీకే ఎరుక."

నాకు ఎరుకే. ఆ మాటతో పదిమందిని కొట్టి ఉంటాను. నా బొటనవేలు తనంతట తాను ఆ పేజీకి పోయింది. చదివాను. దేవుని పేరు చెప్పి దేవుని ఆజ్ఞనే కొట్టివేసేవాళ్ళను ప్రభువు వేషధారులన్న చోట ఆ మాటను రెండుసార్లు చదివాను. ఇన్నేళ్ళూ వేలు ఇతరుల వైపే చూపించాను, ఆ రోజు వాక్యం లేచి నా వైపు వేలు చూపింది.  ముందు వరసలో పళ్ళులేని ఒక ముసలమ్మ అంది: "గంట లేకున్నా నాకు ఆదివారం ఎర్కైతనే ఉన్నది గదరా!"

గుడి గొల్లుమంది. కొందరు పెద్దలు మూతులు ముడుచుకున్నారు, ముడుచుకోనీ! నేను దిగివచ్చి మొదటి బస్తా భుజానికెత్తుకున్నాను. హల్లెలూయ! ఆ బరువంత తేలికైన బరువు నా జన్మలో మోయలేదు.

బాయి ఆఫీసువాళ్ళు కురిసే పైకప్పు ఉన్న ఒక ఖాళీ క్వార్టర్ ఇచ్చారు. ఖాసీం సాబ్ జమ పైకానికి తన తరఫున పప్పూ నూనే కలిపి పంపాడు, సామానుతోపాటు భార్యనూ పంపాడు. "మా అమ్మీజాన్‌కు ఆఖరి రోజుల్ల నేను జర టైం ఇయ్యలే. ఈమె నేర్సుకుంటది" అన్నాడు. ఆమెను అందరం ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్ళం. పన్నెండుమంది ఆడవాళ్ళతో మొదలైంది మా బడి. లైన్లలో మగవాళ్ళు 'గోర్ల బడి' అని ఎకసక్కెం చేశారు. సిస్టరమ్మ ఆ పేరునే సుద్దముక్కతో తలుపు మీద రాయించింది.

ఆ బడిలో నాకిచ్చిన వేషం ముసలాయన. ఖాలా వచ్చి నా గోళ్ళు తీస్తూ నాతో మాట కలపాలి, నేను భయపడ్డవాడిలా ఉండాలి. ఆమె చేయి పట్టుకోగానే నేను అలవాటు కొద్దీ నెరిసిన తలల ముందు లేచి నిలబడమన్న వాక్యం ఎత్తుకున్నాను.

"అరే ముసలాయనా, జర చుప్ బైఠో!" అంది ఖాలా. "దెబ్బలు తిన్నోడు గింత గట్టిగ మాట్లాడ్తడా?"

అందరూ పడీపడీ నవ్వారు. సిస్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ అంది: "తమ్మికి ముసలితనం ఇంక రాలే. మళ్ళ చెయ్యి." నాలుగుసార్లు చేయించింది. నాలుగోసారి నోరు మూసుకుని కూర్చున్నాను. నా చేయి ఇంకొకరి చేతిలో ఉండగా, ఏమీ అనకుండా, ఎవరో అడుగుతారని ఎదురుచూడడం ఎట్లా ఉంటుందో మొదటిసారి తెలిసింది. ఉపవాసాలు నేర్పనిది ఆ కత్తెర నేర్పింది.

వాళ్ళకు ఆమె నేర్పిన మొదటి సూత్రం ఇది: "దెబ్బ ఒక్కరోజుది. గోరు నెల రోజులది. దెబ్బకు జారి పడ్డ అని చెప్తరు. గోరుకు ఏం చెప్తరు?"

పోశం తాత పగలంతా ఆ క్వార్టర్‌లోనే ఉండసాగాడు. ఒకరోజు మొదటి షిఫ్టు దిగిన ఓదెలు ఒంటిమీద బొగ్గుతోనే దూసుకొచ్చాడు. "మా బాపును ఎవలు దాసిపెట్టిండ్రు? లైన్ల నా ఇజ్జత్ తీస్తున్నరు!"

"ఎవలు దాసిపెట్టలే. అగో, పచ్చీసు ఆడుతుండు. నువ్విటు కూసో. చెయ్యి తే" అంది సిస్టరమ్మ.

అంత ఎత్తు మనిషి ఎందుకు కూర్చున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. కూర్చుని చేయి చాపాడు. చూపుడువేలి గోరు సగానికి విరిగి లోపల బొగ్గు దూరి ఉంది. ఆమె నూనె వేసింది.

"నౌకరి ఎవలది ఓదెలూ?"

"నాదే."

"ఆరు నెలలు దగ్గింది ఎవలు?"

అతను పచ్చీసు ఆడుతున్న తండ్రి వైపు చూశాడు.

"నువ్వు దగ్గినవా?"

"... బాపు."

"లేని దగ్గు దగ్గి దగ్గి ఆయనకు ఇప్పుడు ఉన్న దగ్గే పట్టింది. నేనే మందు పోస్తున్న."

"నేనేమన్న కావాలని కొడుతున్ననా సిస్టరమ్మా? డ్యూటీ దిగి వచ్చేసరికి పానం తోడేసినట్టుంటది. ఇంట్లకొస్తే ఆమె ఆయన మీద, ఆయన ఆమె మీద..."

"అలిసిపోతే పండుకో. చెయ్యి లేపకు" అంది ఆమె, కత్తెర ఆపకుండానే. "ఇంకొకపారి లేపినవంటే నీ బాపు ఈ మంచం మీద ఉంటడు, నేను ఠాణాల ఉంట. నౌకరి పోతదని ఆయన భయపడ్తడు. నేను భయపడ."

ఒక్క మాటతో మారిపోయాడని రాస్తే అది అబద్ధ సాక్ష్యం. రెండు నెలలకు ఒకరోజు మళ్ళీ తాగి ముసలాయనను అరుగు మీద నుంచి నెట్టాడు. పక్కింట్లో ఉన్నది మా బడి మనిషే. తాత క్వార్టర్ మంచం మీదికి చేరాడు. ఠాణాకు బయలుదేరిన సిస్టరమ్మను ఒక్కరోజు ఆగమని ఆయనే బతిమాలాడు. మరునాడు పొద్దున్నే నలుగురు ఆడవాళ్ళు ఓదెలు అరుగు మీద వరసగా కూర్చున్నారు. అరవలేదు, తిట్టలేదు. ఒళ్ళో కత్తెరలు పెట్టుకుని ఊరికే కూర్చున్నారు. ఖాలా మాత్రం "ఓదెలూ, ఫికర్ చెయ్యకు, మాకేం తొందర లేదు" అంది. మధ్యాహ్నానికి అతను బయటికి వచ్చి, వాళ్ళ వెంట క్వార్టర్‌కు నడిచి, తండ్రి ముందు కూర్చున్నాడు. కోడలు కూడా వచ్చింది. ఆమె కష్టం కూడా ఎవరూ అడగలేదు ఇన్నాళ్ళూ. వారానికి మూడు రోజులు మామ పని మా బడివాళ్ళు చూస్తామంటే ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

తర్వాత ఒక పొద్దున పోశం తాత ఆలస్యంగా వచ్చాడు. ఎందుకింత ఆలస్యం అని అడిగితే గొణుగుతూ అన్నాడు: "వాడు లేపిండు. 'బాపూ, లేచినవా' అన్నడు. మాట్లాడుకుంట కూసుంటే పొద్దెక్కింది."

సిస్టరమ్మ చల్లారిన చాయ్ పక్కన పెట్టి, వేడి చాయ్ ఒకటి తెమ్మంది. ఆమె వేడి చాయ్ తాగడం నేను చూసింది ఆ ఒక్కరోజే. గెలిచాం! ఎర్రసముద్రం చీలినప్పుడు అవతలి ఒడ్డున ఆడవాళ్ళు తప్పెటలు కొట్టి పాడారంటే ఎందుకో ఆ పొద్దున నాకు తెలిసింది. తాత ఇంకా తొమ్మిదేళ్ళు బతికి, ఇంట్లో మంచం మీద, కొడుకు చేతిలో పోయాడు. ఆయన స్టీలు కంచం ఓదెలు ఇంట్లో ఇప్పటికీ గూట్లో ఉంది.

ఆ పిడికెళ్ళే పెరిగాయి. జమ్మికుంట యార్డులో కొనేవాళ్ళు బస్తాలోంచి పిడికెడు పత్తి తీసి చూస్తారు, చూసినది కింద పడేస్తారు. హమాలీ ఆడవాళ్ళు పట్టుబడితే, ఆ పిడికెళ్ళ కుప్పంతా గోర్ల బడికే అని వర్తకులు ఒప్పుకున్నారు. పత్తి పిడికెడుతో అక్కడ రెండో బడి లేచింది. ధర్మపురి నుంచి ఆడవాళ్ళు వచ్చి నేర్చుకుని పోయారు. ఒక సర్కారు ఆఫీసులో మాత్రం "ఇట్లాంటి శిక్షణకు మా దగ్గర పద్దు లేదమ్మా" అన్నారు, రెండుసార్లు. మూడోసారి ఆమె ఆరుగురు ముసలివాళ్ళను వెంట తీసుకుపోయి, ఆ ఆఫీసు వరండాలో కూర్చోబెట్టి గోళ్ళు తీయడం మొదలుపెట్టింది. అధికారి బయటికొచ్చి, "ఏంది ఇది?" అన్నాడు. "మీ పద్దు వచ్చేదాక ముసలితనం ఆగది గద సార్" అంది. ఆయన కాసేపు నిలబడి చూశాడు. ఆ ఏడే ఊరూరికీ శిక్షణ పెట్టడానికి కాగితం మీద సంతకమైంది. వరండా ఊడ్చే మనిషి నాకు తర్వాత చెప్పాడు, ఆ సాయంత్రం సారు తొందరగా ఇంటికి పోయాడట, వాళ్ళ నాయన దగ్గరికి.

చివరి ఏడాది సిస్టరమ్మ కాళ్ళు పడిపోయాయి. పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. దిక్కులేని మనిషని ఎవరైనా అంటే నవ్వు వస్తుంది. ఏ పూట ఎవరు ఉండాలనే దగ్గర ఆడవాళ్ళు తగాదా పడేవాళ్ళు. ఆదివారం పొద్దు మాత్రం ఓదెలుది. తల నెరిసింది అతనికి కూడా. పోయిన ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. నేల మీద కూర్చుని, నూనె రాసి, ఒక్కొక్క వేలూ తీస్తున్నాడు. అయిపోయిందని లేవబోతే ఆమె చేయి ముందుకు చాపింది.

"చిటికెన వేలు మర్సినవ్ బిడ్డా."

అతను మళ్ళీ కూర్చున్నాడు.

నాలుగు రోజుల తర్వాత తెల్లదుప్పటి మీద ఆ రెండు చేతులు చూశాను. పది గోళ్ళూ చిన్నగా, శుభ్రంగా, నూనె మెరుపుతో ఉన్నాయి. మా గుడికి ఇప్పటికీ గంట లేదు. ఆమెను తీసుకుపోయిన రోజు ఏ గంటా మోగలేదు, కానీ నస్పూర్ లైన్లలో ఒక్క ముసలి మనిషి కూడా ఇంట్లో మిగలలేదు. నడవగలిగినవాళ్ళు నడిచి వచ్చారు. నడవలేనివాళ్ళను కొడుకులు ఎత్తుకొచ్చారు.

చదువుతున్న మీరు ఈ కాగితం మడిచి పక్కన పెట్టండి. సంస్మరణ సభ పెడదామని నాకు ఉత్తరం రాయకండి. లేచి పోయి మీ ఇంట్లో, మీ పక్కింట్లో ఆ చేయి పట్టుకుని చూడండి. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయండి, మీ ఊళ్ళో గోర్ల బడి దాంతోనే మొదలవుతుంది. ఈ పూటే వేయండి. గోరు రేపటి దాకా ఆగదు.